మామగారి హస్తవాసి

శుభవార్త వచ్చేసరికి మామగారు భోజనాల బల్ల మీద టీవీ రిమోటుకి శస్త్రచికిత్స చేస్తున్నారు. ఫోను మోగింది. స్క్రూడ్రైవరుని చెవి మీద ఇరికించుకుని "హలో" అన్నారు. ముందు ఆయన వెన్ను నిటారుగా అయింది. తర్వాత గొంతు బరువెక్కింది. "అబ్బే, నాకెందుకండీ అంత గౌరవం" అంటూ, ఆ గౌరవం ఎక్కడ జారిపోతుందోనని ఫోనుని రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకున్నారు.

ఫోను పెట్టేసి ఇంటిల్లిపాదినీ కేకేశారు. ఇంటిల్లిపాదీ అంటే పెద్ద సైన్యమేమీ కాదు. వంటింట్లోంచి అత్తగారు వచ్చారు. స్నానాల గదిలోంచి సగం గడ్డం గీసుకున్న కొడుకు వచ్చాడు. మొగుడు గడ్డం గీసుకోవడం కూడా చూడవలసిన వింతే అన్నట్టు ఆ గుమ్మంలోనే నిలబడి చూస్తున్న కొత్త కోడలు వచ్చింది.

"రేపు మన కాలనీ హాల్లో రిపేర్ల రోజు పెడుతున్నారట. ఎవరింట్లో ఏది చెడిపోతే అది పట్టుకొస్తారు. నేను అందరి ముందూ విప్పి, బాగుచేసి, ఎలా చేయాలో నేర్పాలట. కార్యదర్శిగారు ఏమన్నారో తెలుసా? ‘మీరు తప్ప ఇంకెవరున్నారు డాక్టరుగారూ’ అన్నారు."

కాలనీ అంతా ఆయన్ని డాక్టరుగారనే పిలుస్తుంది. ఆయన చదివింది వైద్యం కాదు. బీమా కంపెనీలో పాడైన వస్తువులకి విలువ కట్టే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కాలిపోయిన ఫ్రిజ్జులూ, నుజ్జయిన కార్లూ చూసి ‘ఇక పనికిరాదు’ అని రాసి సంతకం పెట్టడం ఆయన వృత్తి. ఆ వృత్తిలో చేసిన పాపానికి ప్రాయశ్చిత్తంగా ఇంట్లో దేన్నీ పనికిరాదు అనకూడదని వ్రతం పట్టారు. ఏది ఆగిపోయినా ఆయనే విప్పుతారు. ఆయన చేయి పడిన వస్తువు మళ్లీ తిరిగి లేవకపోవడమన్నది ఇంతవరకూ జరగలేదు. ఆయన హస్తవాసి అలాంటిది.

కోడలు ఒక్కతే చప్పట్లు కొట్టింది. "ఎంత బాగుంది మామయ్యగారూ" అంది, మనస్ఫూర్తిగా. పక్కకి చూసేసరికి అత్తగారు కుర్చీ వెతుక్కుని కూలబడ్డారు. కొడుకు మొహం మీద మిగిలిన సగం సబ్బు తెలుపో, చర్మం తెలుపో తెలియకుండా ఉంది.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా. గిన్నెలు సర్దాలి" అన్నారు అత్తగారు.

వంటింట్లో సర్దవలసిన గిన్నె ఒక్కటీ లేదు. అత్తగారు సింకులో కుళాయి పూర్తిగా తిప్పి, ఆ నీళ్ల చప్పుడు మాటున కోడలి చెవి దగ్గరికి వచ్చారు.

"నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. కొత్తగా వచ్చావు, భయపడతావని. నువ్వు రోజూ వాడే ఇస్త్రీపెట్టె ఉంది చూశావూ, అది మూడోది."

"మూడోదంటే?"

"మొదటిదాన్ని మీ మామగారు బాగుచేశారు. బాగుచేశాక అది చచ్చిపోయింది. చచ్చిపోయిందని చెప్తే ఆయన మొహం చూడలేక, ఆయన కునుకు తీస్తుండగా వెళ్లి అదే రంగుది, అదే కంపెనీది కొనుక్కొచ్చి అక్కడ పెట్టాను. లేచి చూసి ‘చూశావా, కొత్తదానిలా అయింది’ అన్నారు. కొత్తదే కదా మరి."

కోడలికి నవ్వు వస్తోంది. దాన్ని పళ్ల వెనకే పట్టి ఉంచింది.

"మిక్సీ?" అంది.

"రెండోది. బజారులో ఆ కొట్టాయన మన కోసమే పాత మోడళ్లు గోడౌనులో దాచి ఉంచుతాడు. నన్ను చూడగానే ‘డాక్టరుగారు ఈసారి దేనికి వైద్యం చేశారమ్మా’ అని అడుగుతాడు." అత్తగారు కుళాయి కట్టేశారు. మళ్లీ ఏదో గుర్తొచ్చి తిప్పారు. "ఇంట్లో అంటే ఎలాగో నెట్టుకొచ్చాను. రేపు ఊరివాళ్ల మిక్సీలకి నేను ఎక్కడినుంచి తేను తల్లీ?"

అప్పుడు తెలిసింది కోడలికి, పెళ్లయిన కొత్తలో మొగుడు తన చేయి పట్టుకుని అడిగిన వరం వెనక సంగతి. మూడుముళ్లూ పడగానే ఎవరైనా ‘నన్ను విడిచి ఉండకు’ అని అడుగుతారు. ఈయనగారు ‘మా ఇంట్లో స్క్రూడ్రైవరు ముట్టుకోకు’ అని అడిగాడు. ఆమె ఎలక్ట్రానిక్స్ చదువుకుంది. హాస్టల్లో ఏ గది ఫ్యాను ఆగినా, ఎవరి హీటరు చల్లబడినా ఆమె తలుపే తట్టేవాళ్లు. కాపురానికి వస్తూ, తీగ ఎక్కడా తెగకపోతే ‘బీప్’ మనే మల్టీమీటరుని నగల పెట్టెలో పెట్టుకుని తెచ్చుకుంది. మొగుడి మాట మీద గౌరవంతో దాన్ని నగలకన్నా భద్రంగా, దుప్పట్ల అడుగున దాచింది. చదివిన డిగ్రీ గోడకి వేలాడుతోంది కాబట్టి దాన్ని దాచే వీల్లేకపోయింది. ఈ ఇంట్లో దాన్ని అందరూ ఒక అందమైన ఫొటోలాగే చూశారు.

హాల్లోంచి మామగారి గొంతు వినిపించింది. "రేపు ముందుగా ఒక నమూనా చూపిస్తే బాగుంటుంది. మనింట్లో ఏదైనా పాడైనది ఉందా?"

అత్తగారు చప్పున కుళాయి కట్టేశారు.

"ఆఁ, ఆ కాఫీ మెషీను ఉంది కదూ" అన్నారాయన.

అది కోడలి మెషీను. హాస్టలు స్నేహితురాళ్లందరూ కలిసి పెళ్లికి ఇచ్చిన ఎస్ప్రెస్సో యంత్రం. దాన్ని మోసుకుని ఆమె ఈ ఇంట్లోకి వచ్చిన రోజున అత్తగారు వంటింటి గట్టు వంక చూసి, దాని వంక చూసి, ఏమీ అనలేదు. ఏమీ అనకుండానే చాలా అన్నారు. అప్పుడు మామగారే తన పనిముట్లన్నీ జరిపేసి, భోజనాల బల్ల చివర సగం ఖాళీ చేశారు. "కోడలికి చోటుంటే కోడలి మెషీనుకీ ఉంటుంది. అత్తారింట్లో దానికి మాత్రం ఎవరున్నారు?" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆమె ఆయనకి అమ్ముడుపోయింది.

ఆ మెషీను ఎలా చెడిందన్నది ఆలుమగలిద్దరూ ఎవరికీ చెప్పుకోలేని విషయం. మొగుడికి పాల నురగతో కప్పు మీద గుండె బొమ్మ గీయాలని సరదా. ఒక ఆదివారం ఆవిరి గొట్టం తిప్పాడు. ఆ గుండె ఒకసారి బంగాళాదుంపలా వచ్చింది, ఒకసారి బూటులా వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆమె పగలబడి నవ్వుతోంది. ఆమె నవ్వుతుంటే అతడు ఆమె మొహమే చూస్తున్నాడు తప్ప, వెనక ట్యాంకులో నీళ్లున్నాయో లేవో చూడలేదు. ప్రేమలో పడ్డవాడికి నీటిమట్టం కనిపించదు. కాసేపటికి మెషీను ఒక నిట్టూర్పు విడిచి చల్లబడింది. అప్పటినుంచి దీపం వెలుగుతుంది, లోపల పంపు గుర్రుగుర్రుమంటుంది, కప్పులోకి మాత్రం కుళాయి నీళ్లంత చల్లటి గోధుమరంగు ద్రవం వస్తుంది. దాన్నే ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ తాగి, బాగుందనుకున్నారు. కొత్తకాపురం అంటే అదే.

మామగారు మెషీనుని బల్ల మధ్యకి లాగి, కింద పాత తువ్వాలు పరిచారు. కళ్లజోడు తుడుచుకున్నారు. అది ఆయనకి ప్రారంభోత్సవం.

"చూడు అమ్మాయీ. యంత్రమన్నది మనిషిలాంటిదే. దీనికి గుండె ఉంది, నరాలున్నాయి, మూత్రపిండాలున్నాయి. దీని గుండెకి చలి పట్టింది. ముందు నాడి చూడాలి."

మాట్లాడుతుంటే మాత్రం ఆయన్ని వింటూనే ఉండాలనిపిస్తుంది. గొంతు, ఉపమానాలు, మధ్యలో చిన్న విరామం, అన్నీ ఉన్నాయి. ఆ మాటలకి చేతులు తోడు రాకపోవడమే చిన్న ఇబ్బంది. స్క్రూలు విప్పారు, పైమూత తీశారు. లోపల కనిపించిన ప్రతి తీగనీ ఒకసారి లాగి చూశారు, గట్టిగా ఉందో లేదో అని. లాగాక కొన్ని గట్టిగా లేవు. దుమ్ము ఊదారు. కుట్టుమిషను నూనెని, నూనె అవసరం లేని చోట్లన్నిటా పోశారు. మళ్లీ మూత బిగించారు. బల్ల మీద రెండు స్క్రూలూ ఒక స్ప్రింగూ మిగిలాయి.

"కంపెనీవాళ్లు ఎప్పుడూ ఎక్కువే పెడతారు" అని వాటిని జేబులో వేసుకున్నారు.

స్విచ్చి వేశారు. దీపం వెలిగింది. దీపం ఆయన ముట్టుకోకముందు కూడా వెలిగేది. ఆ సంగతి గుర్తు చేసే మనిషి ఆ గదిలో లేడు.

"అబ్బ, వెంటనే వచ్చేసిందే" అన్నారు అత్తగారు. ఎన్నో ఏళ్ల సాధన ఉన్న గొంతు, ఎక్కడా తొణకలేదు. "ఇక మీరు నడుం వాల్చండి. రేపటికి ఓపిక కావాలి."

"కాఫీ ఒకటి పెట్టి చూద్దామా?"

"ఇప్పుడే ఆపరేషన్ అయిన ప్రాణిని ఎవరైనా పరిగెత్తిస్తారా?"

ఆ తర్కానికి మామగారు మురిసిపోయారు. ఒక్క నిమిషంలో పడకగదిలోంచి గురక మొదలైంది. ఆ గురక ఈ ఇంట్లో గంట కొట్టినట్టు. దాన్ని వినగానే తల్లీకొడుకులు ఏళ్ల తరబడి నేర్చిన కవాతులా కదిలారు. అత్తగారు చేతిసంచీ తీశారు. కొడుకు ఫోనులో మెషీను ఫొటో తీసి, మోడలు నంబరు చదివి, కొట్టాయనకి పంపించాడు.

"ఉందట. అదే నలుపు" అన్నాడు గుసగుసగా.

"నువ్వు ఒక్క పని చెయ్యి అమ్మాయ్. ఆయన లేస్తే మెషీను దగ్గరికి పోనివ్వకు. ఏదో ఒకటి మాట్లాడించు. మాట్లాడించడం కష్టమేం కాదులే, ఆపడమే కష్టం."

"ఏమండీ, మీరూ వెళ్తున్నారా?" అంది కోడలు. పెద్దవాళ్ల ముందు ఆమె మొగుణ్ణి మీరనే అంటుంది. ఆ మాటలోని నటనకి ఇద్దరికీ లోపల కితకితలు పెట్టినట్టుంటుంది.

"బరువుంటుంది కదా" అన్నాడతడు, పెద్ద త్యాగం చేస్తున్నవాడిలా.

తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.

కోడలు మెషీను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇవాళ సరే. కొత్తది వస్తుంది, పాతది మాయమవుతుంది, ఆయన లేచి మీసం తిప్పుతారు. మరి రేపు? హాలు నిండా మనుషులుంటారు. ఒకావిడ హెయిర్ డ్రయర్ తెస్తుంది, ఒకాయన రేడియో తెస్తాడు. వాటన్నిటి ముందూ ఈయన కళ్లజోడు తుడుచుకుని, నాడి చూసి, తీగలు లాగుతారు. అక్కడ కునుకు తీసే వెసులుబాటు లేదు, గోడౌనూ లేదు. అందరూ చూస్తుండగా ఏదో ఒకటి పొగ కక్కుతుంది. మొదట వెనక వరసలో నవ్వుతారు, తర్వాత ముందు వరసలో. డాక్టరుగారు అన్న పిలుపు అలాగే ఉంటుంది, పిలిచేవాళ్ల మూతి మాత్రం వంకర తిరుగుతుంది. ఆయన ఇంటికి వచ్చి పనిముట్ల పెట్టె మూసేస్తారు. ఆ తర్వాత ఏం చేస్తారు? రిటైరైన మగవాళ్లు చాలామంది చేసే పనే, కిటికీ దగ్గర కూర్చుని ఎవరి కారు ఎక్కడ ఆపారో లెక్కపెడతారు. తన మెషీనుకి బల్ల ఖాళీ చేసిన మనిషికి ఆ గతి పట్టడం ఆమెకి సుతరామూ ఇష్టం లేదు.

రేపు కనీసం ఈ ఒక్క మెషీనైనా నిజంగా పనిచేస్తే, దీన్నే చూపించి, మిగతావి చీకటి పడిందనో, నడుం నొప్పనో తప్పించవచ్చు. అది ఆమె చెప్పుకున్న కారణం. చేతులు దురద పెడుతున్నాయన్నది అసలు కారణానికి దగ్గర బంధువు.

దుప్పట్ల కింద నుంచి మల్టీమీటరు బయటికి వచ్చింది. ముందు ప్లగ్గు పీకింది. మూత విప్పింది. వేడి పుట్టించే కాయిలు రెండు చివర్లా మీటరు ముళ్లు ఆనించింది. కాయిలు బతికే ఉంది. అక్కడినుంచి తీగ పట్టుకుని వెనక్కి నడిచింది. బాయిలరు నెత్తిన టోపీలా కూర్చున్న చిన్న గుండ్రటి స్విచ్చి దగ్గర ఆగింది. లోపల నీళ్లు లేక వేడి హద్దు మీరితే కరెంటు ఆపేసే కాపలావాడు వాడు. ఒకసారి ఆపితే తనంత తాను మళ్లీ దారి ఇవ్వడు, ఎవరైనా చేత్తో బుజ్జగించాలి. మీటరు ఆనిస్తే పలకలేదు. స్విచ్చి నడినెత్తిన ఆవగింజంత బొత్తాం ఉంది. గోటితో నొక్కింది. ‘టక్’ మంది. మీటరు ‘బీప్’ మంది.

అంతే జబ్బు. ఇన్ని రోజుల చల్ల కాఫీకీ, ఇవాళ్టి ఆపరేషన్‌కీ, బజారుకి పరిగెత్తిన ఇద్దరు మనుషులకీ కారణం ఒక బొత్తాం. కాదు, ఇంకొకటి కూడా ఉంది. కాయిలుకి వెళ్లవలసిన ఒక తీగ తన చోటునుంచి ఊడి, పక్కన బుద్ధిగా మడిచి దోపి ఉంది. అది కంపెనీ చేసినది కాదు. మామగారు చేయి పెట్టకముందు మెషీనుకి ఒకటే జబ్బు, పెట్టాక రెండయ్యాయి. తీగని తిరిగి దాని చోట తొడిగింది, నూనె తుడిచింది. ట్యాంకు నింపింది, ఈసారి కళ్లతో చూసి మరీ నింపింది. మూత పైన ఆనించి స్విచ్చి వేసింది.

కాసేపటికి లోపల చిన్నగా ఉడుకుతున్న సద్దు. లోహం వెచ్చబడుతున్న వాసన. ఆవిరి గొట్టం తిప్పింది. ‘స్‌స్‌స్’ మంటూ తెల్లటి పొగ లేచి ఆమె ముంగురులు తడిపింది. ఈ లోకంలో అంతకన్నా మంచి చప్పుడు ఉందని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకోదు. మొగుడు నిద్రలో ఆమె పేరు గొణిగే చప్పుడు దానికి దగ్గరగా వస్తుందేమో.

"రైలొచ్చిందనుకున్నాను" అన్న మాట వెనకనుంచి వినిపించింది.

మామగారు గుమ్మంలో ఉన్నారు. ఒకవైపు జుట్టు లేచి నిలబడి ఉంది. మొహం నిండా వెలుగు. "ఆవిరే. చూశావా నా హస్తవాసి? నేను చెప్పలా, గుండెకి చలి పట్టిందని." దగ్గరికి వచ్చారు. మూత పక్కకి జరిగి ఉండడం చూశారు. బల్ల మీద వరసగా పేర్చిన స్క్రూలు చూశారు. ఎర్ర ముల్లూ నల్ల ముల్లూ ఉన్న మీటరు చూశారు. వెలుగు కొంచెం కొంచెంగా తగ్గింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"తుడుస్తున్నాను మామయ్యగారూ."

"మీటరుతోనా?"

అదే క్షణంలో తలుపు తెరుచుకుంది. చెమటలు కక్కుతూ కొడుకు, అతడి చేతుల్లో పెద్ద డబ్బా, డబ్బా మీద ఇదే మెషీను బొమ్మ. వెనక అత్తగారు.

తేలు కుట్టిన దొంగలకి కూడా కాస్త సమయం దొరుకుతుంది, వీళ్లకి అదీ దొరకలేదు.

"పక్కింటివాళ్లకి" అన్నారు అత్తగారు.

"ఒకటి కొంటే ఒకటి ఉచితం" అన్నాడు కొడుకు, సరిగ్గా అప్పుడే.

"పక్కింటివాళ్లకి ఉచితంగానా?" అన్నారు మామగారు. ఆయన డబ్బాని చూశారు, బల్ల మీద ఆవిరి కక్కుతున్న మెషీనుని చూశారు. బీమా కంపెనీలో ఎన్నో దొంగ క్లెయిములు పట్టుకున్న కళ్లు అవి. ఇంటి గడప దాటగానే వాటికి ఇన్నేళ్లు సెలవు ఇచ్చారంతే. మెల్లగా నడిచి మూలనున్న ఇస్త్రీపెట్టె మీద వేలు పెట్టారు.

"ఇది?"

అత్తగారు నేల చూశారు. కొడుకు పైకప్పు చూశాడు. కోడలి నోటికి మాత్రం అబద్ధం ఇంకా అలవాటు కాలేదు. "మూడోది" అనేసింది.

"మిక్సీ?"

"రెండోది" అన్నారు అత్తగారు చిన్నగా.

"ఈ టేబుల్ లైటు?"

"నాలుగోది. దాని మీద మీకు మమకారం ఎక్కువ."

"గోడ గడియారం?"

"అది మీరు చేసిందేనండీ" అన్నారు అత్తగారు చప్పున తలెత్తి. "దాన్ని మార్చలేదు. పావుగంట ముందు నడుస్తుంది. అందుకే మనం ఎక్కడికీ ఆలస్యంగా వెళ్లలేదు."

ఆ ఒక్క ఓదార్పూ ఆయనకి అందినట్టు లేదు. కుర్చీలో కూర్చున్నారు. చాలాసేపు తన రెండు చేతులనీ, ఎవరో దాచుకోమని ఇచ్చిన వస్తువుల్లా చూసుకున్నారు. తర్వాత ఫోను తీశారు.

"ఎవరికి నాన్నా?"

"కార్యదర్శికి. జ్వరమొచ్చిందని చెప్తాను. ఈ ఇంట్లో అబద్ధం చెప్పడం రానివాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నట్టున్నాను. నేర్చుకోవాలి కదా."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కొడుకు డబ్బా దించడం కూడా మరిచిపోయి అలాగే మోస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు ఎవరో ఒకరు ‘మీ అంత పనివాడు లేడు’ అనాలి. ఈ ఇంటి ఆచారం అది. ఆ మాట ఇద్దరి నాలుకల మీదా సిద్ధంగా ఉంది.

"మామయ్యగారూ" అంది కోడలు. "మీరు పొద్దున సరిగ్గా ఎక్కడ తప్పు చేశారో చెప్పనా?"

అత్తగారి ఇన్నేళ్ల కాపురంలో ఆ ఇంట్లో ఆ వాక్యం ఎవరూ పలకలేదు.

మామగారు ఫోను బల్ల మీద బోర్లా పెట్టారు. "చెప్పు."

ప్లగ్గు పీకి, కాసేపు చల్లారనిచ్చి, ఆమె మూత తీసి చూపించింది. ఇది కాయిలు. ఇది కాపలా స్విచ్చి. ఈ తీగ మీరు లాగినప్పుడు ఊడింది, ఎక్కువైన తీగ అనుకుని పక్కకి మడిచారు. లోపల ఏదీ ఎక్కువ ఉండదు మామయ్యగారూ, మిగిలిందంటే మనం మరిచిపోయామని అర్థం. ఆయన జేబులోంచి స్క్రూలూ స్ప్రింగూ తీసి ఇచ్చారు, వాటినీ వాటి చోట పెట్టింది. ఇదిగో, ఈ రెండు ముళ్లూ ఇక్కడ పెట్టండి. ఆయన పెట్టారు. ‘బీప్’ మంది. తీగ ఊడదీసి పెట్టమంది. మౌనం. మళ్లీ తొడిగి పెట్టమంది. ‘బీప్’. ఆయన అడగకుండానే ఇంకోసారి ఊడదీశారు. ఇంకోసారి తొడిగారు. ‘బీప్’ మన్నప్పుడల్లా ఆయన కనుబొమలు లేస్తున్నాయి.

"అంటే ఇది నిజం చెప్తుందన్నమాట" అన్నారు, మీటరు వంక చూస్తూ. "మొహమాటం లేకుండా."

"దానికి మొహమాటం రాదండీ."

"ఇంతకీ ఈ కాపలావాడు ఎందుకు ఆపేశాడు?"

అది మంచి ప్రశ్న. ఇన్నేళ్లలో ఏ రిపేరులోనూ ఆయన వేయని ప్రశ్న కూడా. ఎందుకు చెడింది అని అడగకుండానే బాగుచేయడం ఆయన పద్ధతి. జవాబు కోసం కోడలు మొగుడి వంక చూసింది. మొగుడి చెవులు ఎర్రబడ్డాయి.

"ట్యాంకులో నీళ్లు చూసుకోలేదు నాన్నా" అన్నాడు డబ్బా వెనకనుంచి.

"ఎందుకు చూసుకోలేదు?"

"వేరే వైపు చూస్తున్నాను."

మామగారు కొడుకుని చూశారు, కోడలిని చూశారు. ఆమె మీటరు తీగలు అనవసరంగా చుట్టడం మొదలుపెట్టింది. ఆయన మూతి మీదికి అనుకోకుండా నవ్వు వచ్చింది. దాన్ని దగ్గులా మార్చడానికి ప్రయత్నించారు గాని కుదరలేదు.

"నేను కనీసం పని వంక చూస్తూ చెడగొట్టాను రా" అన్నారు. తర్వాత భార్య వైపు తిరిగారు. "ఇంతకీ చచ్చినవన్నీ ఏం చేశావు? పారేశావా?"

అత్తగారు తటపటాయించారు. "లేదు. అటక మీద ఉన్నాయి. దుప్పటి కప్పి పెట్టాను."

"ఎందుకు? పనికిరానివే కదా."

"మీరు అంతంతసేపు కూర్చుని చేసినవి. పారెయ్యబుద్ధి కాలేదు."

మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడవడానికి దాని మీద దుమ్మేమీ లేదు. కొడుకు ఇదే అదనని డబ్బా దించి చేతులు దులుపుకున్నాడు. కోడలు నాలుగు కప్పులు తెచ్చి, మెషీను మళ్లీ వేడిచేసి, వరసగా కాఫీలు దింపింది. వేడి వేడి కాఫీ. పెళ్లి తర్వాత ఇంత మంచి మధ్యాహ్నం ఇదేననుకుంది. రోజుకొకసారి అలా అనుకోవడం ఆమెకి అలవాటే.

సగం కప్పు అయ్యాక మామగారు ఫోను మళ్లీ అందుకున్నారు. ముగ్గురూ కప్పులు పట్టుకుని ఆగిపోయారు.

"కార్యదర్శిగారూ, నేనేనండీ డాక్టర్ని. రేపటి కార్యక్రమంలో చిన్న మార్పు. రెండు భాగాలు చేద్దాం. రెండో భాగంలో మా కోడలు రిపేర్లు నేర్పుతుంది. చదువుకున్న పిల్ల. మొదటి భాగం నాది. రిపేరు చేసేటప్పుడు ఏమేం చేయకూడదో నేను చెప్తాను." అవతలివాళ్లు ఏదో అన్నారు. మామగారు తల అడ్డంగా ఊపారు. "వినయం కాదండీ. అనుభవం."

ఫోను పెట్టేసి, వీపు నిటారుగా చేసుకుని, బల్ల చుట్టూ చూశారు.

"పొద్దున్నే అటక మీదవన్నీ దించాలి. ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టి, దాన్ని నేను ఎలా చంపానో చెప్తాను. అమ్మాయి విప్పి ఎక్కడ చచ్చిందో చూపిస్తుంది. బతికించగలిగింది అక్కడే బతికిస్తుంది. ఒరేయ్, మోసేది నువ్వు. మోసేటప్పుడు ఎదురుగా చూసి నడు."

"మరి నేను?" అన్నారు అత్తగారు.

"నీదే అన్నిటికన్నా కష్టమైన పని" అన్నారు మామగారు. "రేపు ముందు వరసలో కూర్చుని, నేను ఏం చేసినా బాగుందనకుండా ఉండాలి."